వీణ తెచ్చిన లైలాక్

సర్వీసులో చేరిన పదిహేడేళ్లకు వీణ మొదటిసారి ఎల్‌టీసీ ప్రయాణ రాయితీ వాడుకుంది. పోస్టాఫీసులో తోటివాళ్లు అప్పటికే రెండేసి మూడేసి ఊళ్లు తిరిగొచ్చి ఫోటోలు చూపించారు. ఈమె మాత్రం కూతురు కీర్తిప్రియ పదో తరగతి అని ఒకసారి, ఇంటర్ అని ఒకసారి, భర్తకు సీజన్ అని మిగతా అన్నిసార్లూ వాయిదా వేస్తూ వచ్చింది. భర్త ప్రేమ్‌రాజ్‌ది హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపు. ఎండలు ముదిరితే అతనికి అన్నం తినే తీరిక కూడా ఉండదు. అయినా ఆ ఏప్రిల్‌లో పట్టుబట్టి షాపు మూయించి, ముగ్గురికీ శ్రీనగర్ టికెట్లు తీసింది.

అక్కడ వాళ్లు దిగిన గెస్ట్‌హౌస్ ముందు చిన్న తోట ఉండేది. గేటు పక్కన నడుమెత్తు పొద ఒకటి. ఆకులు కనిపించనంతగా ఊదారంగు పూలగుత్తులు. ఒక్కో పువ్వు మిరియపు గింజ కంటే కాస్త పెద్దది, నాలుగు రెక్కలు. వీణ పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని వెళ్లి ఆ పొద పక్కన మెట్టు మీద కూర్చునేది. పేరు లైలాక్ అని, మామూలువి చెట్టంత అవుతాయని, ఇది కుండీలో కూడా పెరిగే పొట్టి రకమని గెస్ట్‌హౌస్ పెద్దావిడ హిందీలో చెప్పింది.

తిరిగొచ్చే ముందురోజు వీణ నర్సరీ వెతుక్కుంటూ వెళ్లి జానెడు మొక్క కొన్నది. "దీనికి చలి కావాలి, బెహన్‌జీ" అన్నాడు నర్సరీ అతను.

"మా దిక్కు కూడా చలికాలం వస్తది" అంది వీణ తనకు వచ్చిన హిందీలో.

అతను నవ్వి, వేళ్ల చుట్టూ తడి నాచు చుట్టి ఇచ్చాడు. రెండు రోజుల రైలు ప్రయాణంలో ఆమె ఆ మొక్కను బెర్తు కింద పెట్టనివ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

ఇంటి డాబా మీద వీణకు మల్లె, కరివేపాకు, గోరింట, పుదీనా కుండీలు ఉండేవి. లైలాక్‌ను నీళ్ల ట్యాంకు నీడలో పెట్టింది. మొదటి మే నెలలోనే ఆకుల అంచులు కాలిన కాగితంలా మాడాయి. ఆమె ఎండ ఆపడానికి పైన గ్రీన్ నెట్ కట్టింది. కుండీ చుట్టూ గోనెసంచి చుట్టి, డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తడిపేది. మొక్క బతికింది. వానలకు కొత్త ఆకులు వేసింది, మోకాలెత్తు పెరిగింది. కానీ ఆ చలికాలం పోయి వేసవి వచ్చినా ఒక్క మొగ్గ వేయలేదు.

వీణ ఫోన్‌లో వెతికి చదివింది. తరువాత ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని షాపుకు వెళ్లింది. ప్రేమ్‌రాజ్ ఒక ఫ్రిజ్ వెనక కూర్చుని కంప్రెసర్ విప్పుతున్నాడు. ముగ్గురు గిరాకీలు నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, నాకొక పాత ఫ్రిజ్ కావాలె" అంది.

"ఇంట్ల ఉన్నది గదా. దానికేమైంది?"

"ఇంటికి గాదు. లైలాక్‌కు. మన చలి దానికి సాలదంట. రెండు నెలలు గట్టి సల్లదనంల ఉంటేనే మొగ్గ విచ్చుకుంటదంట. నువ్వు గా సీసాల ఫ్రిజ్‌లు బాగుజేస్తవు సూడు, అద్దం తలుపుది, గసోంటిది ఒకటి."

ప్రేమ్‌రాజ్ పకపకా నవ్వాడు. గిరాకీల వైపు తిరిగి, "ఇన్నరా భాయ్? మా ఇంట్ల మొక్కకు ఫ్రిజ్ కావాలంట. ఎల్లుండి మల్లెచెట్టుకు ఏసీ అడుగుతది" అన్నాడు. వాళ్లూ నవ్వారు. వీణ కూడా నవ్వింది. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె తనతో పాటు కూర్చుని తినకుండా వెళ్లిందన్న సంగతి అతనికి అప్పుడు తోచలేదు.

మరుసటి ఏడు నిజంగానే అలాంటి ఫ్రిజ్ ఒకటి దొరికింది. బహదూర్‌పురాలో మూతపడిన కూల్‌డ్రింక్ షాపుది. "గిది నీదే" అన్నాడు వీణతో. గ్యాస్ నింపాడు, తలుపు రబ్బరు మార్చాడు. ఆమె ఒకరోజు షాపుకు వచ్చి, లోపల అరలు తీస్తే కుండీ పడుతుందో లేదో చీర కొంగుతో కొలుచుకుని వెళ్లింది. వారం తిరగకముందే ఒక జ్యూస్ బండి అతను వచ్చి అర్జెంటని బతిమాలితే, ప్రేమ్‌రాజ్ దాన్ని అతనికి ఇచ్చేశాడు.

"ఇంకోటి వస్తది లేవే, ఫికర్ జెయ్యకు" అన్నాడు ఇంటికి వచ్చి.

"సరే" అంది వీణ. ఆ తరువాతి చలికాలం ఆమె అడగలేదు. అతను తేలేదు.

ఆ చలికాలం గడిచాక ఆగస్టులో ఒక మంగళవారం, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేస్తూ వీణ తల పట్టుకుని బల్ల మీదికి వాలిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు డాక్టర్లు. రెండు రోజులు ఆమె కళ్లు తెరవలేదు. మూడో రోజు పోయింది. నలభై ఆరేళ్లు.

ప్రేమ్‌రాజ్ ఏడవలేదు. సమాధి దగ్గర చుట్టాలు అతని భుజాలు పట్టుకుంటే, ఏదో మర్చిపోయినవాడిలా వాళ్ల ముఖాల్లోకి చూశాడు. పది రోజులకే షాపు తెరిచాడు. పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. కీర్తిప్రియ ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్. ఆమె వండి పెట్టి డ్యూటీకి వెళ్లేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి గ్యాస్ బుకింగ్ గురించి, మోటార్ స్విచ్ గురించి మాత్రమే మాట్లాడుకునేవారు. అమ్మ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

అక్టోబర్‌లో ఒక ఆదివారం అతను ట్యాంకు వాల్వు చూడడానికి డాబా ఎక్కాడు. కీర్తి లైలాక్ కుండీ ముందు గొంతుక్కూర్చుని మట్టి గుల్ల చేస్తోంది. మల్లె సగం ఎండిపోయింది. పుదీనా ఎప్పుడో పోయింది. ఈ ఒక్క మొక్క మాత్రం పచ్చగా ఉంది.

"గిదొక్కటే బతికిందా?" అన్నాడు.

"అన్నిటికి నీళ్లు పోసేంత టైం లేదు నాకు. అందుకే దీనికే పోస్తున్న." ఆమె తల ఎత్తలేదు. "అమ్మ అడిగింది గదా బాపూ. నీ పనే గది. ఒక్క ఫ్రిజ్. నీకు ఒక్క పూట పని."

అతను వాల్వు చూడకుండానే కిందికి దిగాడు. ఆ రోజంతా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు షాపు తీయలేదు. బహదూర్‌పురాలో నర్సరీ నడిపే తౌఫీఖ్ దగ్గరికి వెళ్లాడు. తౌఫీఖ్ నర్సరీలో వాటర్ కూలర్‌ను ఇరవై ఏళ్లుగా అతనే చూస్తున్నాడు. విషయమంతా విని తౌఫీఖ్ గడ్డం నిమురుకున్నాడు.

"హైదరాబాద్‌ల లైలాక్ ఎవ్వరు పెంచరు, ప్రేమ్ భాయ్. మా అబ్బాజాన్ ఒక్కసారి జేసి ఇడిసిపెట్టిండు. గానీ నువ్వన్నది అయితది. దానికి నిద్ర పట్టాలె, గంతే. ముందుగాల నీళ్లు తగ్గియ్యి. ఆకు రాలకపోతే చేత్తోటి తీసెయ్యి. కొనలు మాత్రం కత్తిరించకు, మొగ్గ కొనలనే ఉంటది. డిసెంబర్ల లోపల పెట్టు. మూడు నాలుగు డిగ్రీలు. మట్టి ఎండనియ్యద్దు, తడి ముద్ద కానియ్యద్దు. ఫిబ్రవరి నడుమల బయటికి తియ్యి. ఎండకు గాదు, ముందు నీడకు."

ప్రేమ్‌రాజ్ ఇవన్నీ షాపు బిల్లు వెనక రాసుకున్నాడు. రెండు వారాలు వెతికితే బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం గోదాములో పడి ఉన్న సీసాల ఫ్రిజ్ కనిపించింది. ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టాడు. కంప్రెసర్ మార్చాడు. థర్మోస్టాట్ మీద నమ్మకం చాలక లోపల ఇంకో థర్మామీటర్ వేలాడదీశాడు. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ కలిపాడు. నాలుగు రోజులు ఖాళీ ఫ్రిజ్ నడిపి, పొద్దునా సాయంత్రం డిగ్రీలు చూశాడు. డిసెంబర్ మొదటి ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరూ కుండీని డాబా మీంచి దింపి లోపల పెట్టారు. ఆకుల్లేని కొమ్మలు, కొనల్లో జంట జంటగా ఆకుపచ్చ మొగ్గలు. అద్దం తలుపు మూశాక కీర్తి చాలాసేపు అక్కడే నిలబడింది.

జనవరి చివర్లో సక్కుబాయి వచ్చింది. వాళ్ల వీధి మొగదల్లో పండ్ల బండి పెట్టుకునే మనిషి. వీణతో ఇరవై ఏళ్ల స్నేహం. ప్రేమ్‌రాజ్ షాపులో ఉన్నాడు. "రెండు సేబుల డబ్బాలు మిగిలినయ్ బిడ్డా. మీ ఫ్రిజ్‌ల జాగా ఉన్నది గదా, రెండు దినాలు పెట్టుకుంట" అంది. కీర్తి కాదనలేదు. కుండీ పక్కన ఆ ఆపిల్ డబ్బాలు పెట్టింది. సక్కుబాయికి జ్వరం వచ్చి బండి పెట్టలేదు. రెండు రోజులు పన్నెండు రోజులయ్యాయి. మెట్ల కింద మూలన ఉన్న ఫ్రిజ్‌లోకి ప్రేమ్‌రాజ్ థర్మామీటర్ వరకే చూసేవాడు. కింద డబ్బాలు కంటపడినా, అవి చల్లదనాన్ని ఆపవని ఊరుకున్నాడు.

ఫిబ్రవరిలో మొక్కను బయటికి తీసి నీడలో పెట్టారు. వారం గడిచింది. మొగ్గలు ఉబ్బలేదు. రెండో వారం కీర్తి ఒకదాన్ని వేలితో తాకితే పొడిలా రాలింది. లోపలంతా గోధుమరంగు. ఒక్కొక్కటీ తాకి చూశారు. కొనల్లో ఉన్నవన్నీ అంతే.

ప్రేమ్‌రాజ్ ఒక కొమ్మ తుంచి నర్సరీకి తీసుకెళ్లాడు. కీర్తి కూడా వెంట వచ్చింది. తౌఫీఖ్ దాన్ని గోటితో చీల్చి చూశాడు.

"లోపల ఇంకేమన్న పెట్టిండ్రా? పండ్లు గిట్ల?"

"సేబులు" అంది కీర్తి.

"అయ్యో, బేటీ. మాగే పండు ఒక తీరు గ్యాస్ ఇడుస్తది. తలుపు మూసిన ఫ్రిజ్‌ల గది ఎటు పోతది? మొగ్గకు విషం అది."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ వెనక కీర్తి ఏడుస్తోందని ప్రేమ్‌రాజ్‌కు ఇంటి దగ్గర దిగేదాకా తెలియలేదు. ఆమె గుమ్మంలోనే కూలబడింది.

"నేనే పెట్టిన బాపూ. నిన్ను అడగకుండ పెట్టిన. అమ్మది అదొక్కటే ఉండె. గదాన్ని గూడ నేనే..."

అతను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురింటి గోడ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"నువ్వు తెల్వక పన్నెండు దినాలు పెట్టినవు. నేను తెలిసి రెండేండ్లు ఆపిన. గిరాకీల ముంగట మీ అమ్మను జూసి నవ్విన. దానికోసమని తయారు జేసిన ఫ్రిజ్ ఇంకొకనికి ఇచ్చిన. నీకు తెల్వదు గది."

"తెలుసు" అంది కీర్తి. "అమ్మ చెప్పలే. నేను ఆ రోజు షాపు దిక్కు వచ్చిన, అది ఆటోల పోతుంటే చూసిన."

అంటే ఇన్ని నెలలుగా ఆమె తనతో ఎందుకు మాట్లాడడం లేదో అతనికి అర్థమైంది. తప్పు ఒప్పుకున్నందుకు మనసు తేలికపడలేదు. ఇంకా బరువెక్కింది.

మొక్క మాత్రం చావలేదు. మార్చి చివర పక్క కణుపుల నుంచి చిగురు వచ్చింది. ఆ వేసవిని దాటించడానికి ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఎండలు బాగా ముదిరిన రోజుల్లో దాన్ని డాబా మీంచి దింపి, పొద్దుటి ఎండ మాత్రమే పడే వాకిట్లో ఉంచారు. ప్రేమ్‌రాజ్ మధ్యాహ్నం షాపు నుంచి వచ్చి గోనెసంచి తడిపి వెళ్లేవాడు. సీజన్‌లో అతను మధ్యాహ్నం ఇంటికి రావడం వీణ ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా జరగలేదు. ఆ సంగతి అతనికి తడిపిన ప్రతిసారీ గుర్తొచ్చేది.

జరిగిన సంగతి తెలిసి సక్కుబాయి మొహం చెల్లక రెండు నెలలు ఆ ఇంటి ముందు నుంచి నడవలేదు. చివరికి కీర్తే వెళ్లి పిలుచుకొచ్చింది.

రెండో డిసెంబర్‌లో మొక్క మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లింది. ఈసారి ఇంకేమీ పెట్టలేదు. ఫిబ్రవరి పద్దెనిమిదిన బయటికి తీశారు. పదో రోజుకు రెండు కొనల్లో మొగ్గలు ఉబ్బాయి. విచ్చుకుంటే లోపల గసగసాలంత ఊదా గింజల గుత్తి కనిపించింది. కీర్తి డ్యూటీ నుంచి ఫోన్ చేసి, "ఎంత పెరిగినయ్ బాపూ?" అని అడిగేది. అతను పని ఆపి, ఇంటికి వెళ్లి చూసి, మళ్లీ ఫోన్ చేసి చెప్పేవాడు.

మార్చి పదిహేనున పూలు విచ్చుకున్నాయి. రెండే గుత్తులు. శ్రీనగర్‌లో చూసినంత నిండు రంగు కాదు, ఉతికి ఉతికి వెలిసిన చీర రంగు. అయినా వాకిలంతా వాసన నిండింది. ప్రేమ్‌రాజ్ దగ్గరికి వంగి పీల్చాడు. అతనికి అది కొత్త వాసన. ఆ గెస్ట్‌హౌస్‌లో వీణ ఎన్నోసార్లు పిలిచింది. అతను ఎప్పుడూ గిరాకీలతో ఫోన్‌లోనే ఉన్నాడు.

కీర్తి పోస్టాఫీసుకు కబురు చేసింది. ఆ శనివారం సాయంత్రం వీణతో పనిచేసిన నాగమణమ్మ, అంజన్ వచ్చారు. నాగమణమ్మకు రిటైర్‌మెంట్ దగ్గర పడింది. మోకాళ్ల నొప్పులు. కుర్చీ తెచ్చి పువ్వు పక్కనే వేశారు. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"గిదేనా? గీ పువ్వేనా అది?" అంది. "మాకు రోజు చెప్పేది, తమ్మీ. లంచ్ డబ్బా ఇప్పితే గిదే ముచ్చట. మా ఆయనది గదే పని, ఫ్రిజ్ పెడుతడు, పువ్వు పూస్తది, మీ అందరికి తలో గుత్తి తెస్త అనేది."

ప్రేమ్‌రాజ్ తల వంచుకున్నాడు. "నేను పెట్టలే అక్కా. అడిగితే పెట్టలే" అన్నాడు.

"నేను గూడ అడిగిన ఒకసారి, ఏంది వీణా, మూడేండ్లయె, ఇంకా పెట్టలేదా నీ మొగడు అని. కోపానికొచ్చింది నా మీద. పాపం, ఎండల పొద్దుగూకులు తిరుగుతడు, ఆయనకు తీరినప్పుడు చేస్తడు, చెయ్యనన్నడని నీతోటి చెప్పిన్నా అన్నది." నాగమణమ్మ నిట్టూర్చింది. "నిన్ను ఒక్క మాట పడనియ్యకపోయేది, తమ్మీ."

ప్రేమ్‌రాజ్ లేచి లోపలికి వెళ్లాడు. వంటింట్లో పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ నీళ్ల చప్పుడు వెనక నుంచి మొదట మూలుగులా, తరువాత ఆపుకోలేక పైకి వచ్చిన ఏడుపు వినబడింది. వీణ పోయిన ఏడాదిన్నరకు అతను ఏడ్చాడు. నాగమణమ్మ కంగారుగా లేవబోతే కీర్తి చేయి పట్టి ఆపింది.

"ఏడవనియ్యండి అత్తా" అంది. ఆమె కళ్లలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

వెళ్లేటప్పుడు నాగమణమ్మకు ఒక గుత్తి కోసి ఇవ్వబోతే ఆమె వద్దంది. "ఉండనియ్యి బిడ్డా. ఉన్నన్ని దినాలు ఉండనియ్యి."

పూలు ఆరు రోజులున్నాయి. ఏడో రోజు వేడిగాలికి అంచులు ముడుచుకుని, రాలి చీపురు పాలయ్యాయి.

ఆ వేసవి గట్టిగా కాసింది. మొక్క ఏప్రిల్‌లోనే సగం ఆకులు రాల్చింది. రెండు చలికాలాలు ఫ్రిజ్‌లో, మధ్యలో ఈ ఎండల్లో ఉండి, దాచుకున్న బలమంతా ఆ రెండు గుత్తులకే పెట్టిందన్నాడు తౌఫీఖ్. జూన్ చివర వానలు పట్టుకున్నాయి. మొక్క తేరుకుంటుందని ఎదురుచూశారు. జూలై రెండో వారం ప్రేమ్‌రాజ్ కాండం పట్టుకుని కొంచెం లాగితే మొత్తం చేతిలోకి వచ్చింది. వేళ్లు కుళ్లి నల్లబడ్డాయి.

తౌఫీఖ్ కొండ ప్రాంతం నుంచి ఇంకో మొక్క తెప్పిస్తానన్నాడు. ప్రేమ్‌రాజ్ వద్దన్నాడు. "మా వీణ తెచ్చింది కాబట్టి బతికించిన భాయ్. ఇంకోదాన్ని తెచ్చి గీ ఎండల సతాయించుడు ఎందుకు?"

ఎండిన కొమ్మలను చెత్తబండిలో వేయడానికి అతనికి చేతులు రాలేదు. చిన్న ముక్కలుగా విరిచి మల్లె కుండీలో మట్టి కింద కప్పాడు. కీర్తి డ్యూటీ నుంచి వచ్చేసరికి చేతులకు మట్టితో డాబా మీదే కూర్చుని ఉన్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

"తిన్నవా?" అంది.

"లేదు."

ఆమె కిందికి వెళ్లి రెండు పళ్లాల్లో అన్నం పెట్టింది. తింటూ తింటూ ఉన్నట్టుండి ప్రేమ్‌రాజ్, "మీ అమ్మ పెండ్లయిన కొత్తల కూరల ఉప్పు ఎయ్యనే మర్చిపోయేది" అన్నాడు. కీర్తి నవ్వింది. "నేను పుట్టినంక గూడనా?" అని అడిగింది. అతను చెప్పాడు. ఆమె ఇంకోటి అడిగింది. పళ్లాల్లో చేతులు ఎండిపోయినా ఇద్దరూ లేవలేదు. వీణ గురించి వాళ్లు అలా మాట్లాడుకోవడం ఆమె పోయాక అదే మొదటిసారి.